వచ్చిపోవు వ్యాధికి వైకల్యపత్రము

ప్రతి మాసమును ఒకటవ తేదీనాడు తెల్లవారీ తెల్లవారకమునుపే బనగానపల్లె వీధులలో ఒకవిధమైన కదలిక పుట్టును. సచివాలయ ఉద్యోగి ఒకచేత వ్రేలిముద్రల యంత్రమును, భుజమున నోట్లకట్టల సంచిని ధరించి, గడపగడపకును ఏగి, మంచముమీది ముదుసలిని మెల్లగ లేపి, చూపులేని పడుచును పేరుపెట్టి పిలిచి, చిన్ననాడే పోలియో సోకి కాలు సన్నబడిన దర్జీని కుట్టుమిషను వద్దనే పలుకరించి, వారివారి వ్రేలిముద్రలను గైకొని, వారివారి పింఛనును చేత నుంచి ముందునకు సాగిపోవును. 2024 జులై ఒకటవ తేదీ మొదలుకొని ఎన్టీఆర్ భరోసా పేరిట ఈ రాష్ట్రమున వృద్ధులకు 4,000 రూపాయలును, నూటికి 40 పాళ్లకు తగ్గని వైకల్యము గలవారికి 6,000 రూపాయలును, మంచమునకో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలును ముట్టుచున్నవి. అంతకుమునుపు వికలాంగులకు వచ్చినది 3,000 మాత్రమే. నాపరాళ్ల కూలియో శనగచేని కూలియో తప్ప వేరొక ఆదరువు లేని కుటుంబమునకు ఆరువేలన్నది అల్పమైన మొత్తము కాదు. నెల బియ్యము, నూనె, కరెంటు బిల్లు, మందుల చీటీ, ఇవన్నియు ఆ మొత్తములోనే సర్దుకొను ఇండ్లు కలవు.

ఆ వీధిలోనే ఉద్యోగి ఆగక దాటిపోవు ఇల్లొకటి యున్నదని యనుకొందము. ఆ యింట ముప్పదియేండ్ల వాడొకడు, కాళ్లును చేతులును చక్కగ నున్నవాడు, పాలిష్ ఫ్యాక్టరీలో ఒకనాడు ఇద్దరి పనిని ఒక్కడే చేసినవాడు, మూడు మాసములుగ గోడవైపు మొగము త్రిప్పుకొని పరుండి యున్నాడు. స్నానము చేయడు, పిలిచిన పలుకడు, తల్లి అన్నము కలిపి నోటికందించినచో రెండు ముద్దలు మింగును. ఎనిమిది మాసములకు వెనుక ఇతడే రాత్రులయందు నిద్రయన్నది లేక, సొంతముగ ఫ్యాక్టరీ పెట్టెదనని ఊరంతయు తిరిగి, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పుచేసి, అడిగినవానికిని అడుగనివానికిని పంచిపెట్టి, వలదన్న తండ్రిమీదికి చేయెత్తినవాడు. ఆ రెండు దశలకును నడుమ నాలుగైదు మాసములు ఎప్పటివలెనే పనికి పోయి, సాయంకాలము టీ అంగడి వద్ద కూర్చుండి వచ్చినవాడు. ఇరుగుపొరుగువారి తీర్పు ఒక్కటే: "వానికేం రోగముండాది? ఒళ్లు వంచల్యాక." ఇతనికి పేరు పెట్టను, ఇట్టివారు లేని ఊరు లేదు. ఇట్టివాడు ప్రభుత్వమువారి వైకల్య పింఛనునకు అర్హుడా, యర్హుడైనచో దానిని పొందు త్రోవ యెట్టిది, ఆ త్రోవలో నతడెచ్చట తప్పిపోవును అనునదియే ఈ వ్యాసమునకు విషయము.

బనగానపల్లె పేరు మామిడిపండు మూలమున దేశదేశములకును తెలిసినది. 2017లో ఆ పండునకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఒకప్పుడు నవాబుల సంస్థానమై, 1948లో భారతదేశమున విలీనమై, కర్నూలు జిల్లాలో చేరి, 2022 ఏప్రిల్ 4వ తేదీ మొదలు నంద్యాల జిల్లాలో భాగమైన ఈ ఊరికి యాగంటి యొకవైపు, బెలుం గుహలు వేరొకవైపు అలంకారములు. ఐనను ఇచ్చటి జనులలో అధికసంఖ్యాకులకు నిత్యజీవనము నిచ్చునది మామిడియు కాదు, యాత్రికులును కారు. భూగర్భమునుండి పెళ్లగించి, కోసి, నునుపుచేసి లారీలకెక్కించు నాపరాయియే. శరీరబలమే పెట్టుబడియైన ఈ సీమలో, శరీరము చెక్కుచెదరక మనస్సు మాత్రమే కూలిపోయినవానిని రోగిగ నంగీకరించుటకు ఎవ్వరికిని మనసొప్పదు. జిల్లా మారుటవలన మేలొకటి మాత్రము కలిగినది. వైద్య పరీక్షలకును అర్జీలకును పూర్వము కర్నూలుదాక పోవలసినవారికి ఇప్పుడు జిల్లా కేంద్రము సుమారు నలువది కిలోమీటర్ల దూరముననే యున్నది. అచ్చట 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలయు వెలసినది.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. చరకసంహితలో ఉన్మాదమునకు ప్రత్యేకముగ అధ్యాయములే కలవు. పాశ్చాత్య వైద్యమున క్రేపెలిన్ అను జర్మను పండితుడు పందొమ్మిదవ శతాబ్దాంతమున, ఉప్పొంగుటయు క్రుంగిపోవుటయు అను రెండు దశలును ఒకే వ్యాధికి రెండు ముఖములని నిర్ణయించి, వాటి నడుమ రోగి మరల స్వస్థుడగుటయే ఈ వ్యాధి లక్షణమని గ్రంథస్థము చేసెను. ఇప్పుడు వైద్యులు దీనిని బైపోలార్ డిజార్డర్ అనుచున్నారు. ఉప్పొంగు దశ లేక క్రుంగుబాటు మాత్రమే మరలమరల వచ్చువారు వేరొక తెగ. స్వస్థతయే వ్యాధిలక్షణములలో నొకటియగుట చిత్రమే. ఆ చిత్రమే కచేరీ బల్ల ముందు రోగికి శత్రువగుచున్నది.

1995 నాటి వికలాంగుల చట్టము ఏడు వైకల్యములను మాత్రమే గుర్తించినను, వాటిలో మానసిక వ్యాధికి కూడ చోటిచ్చెను. దాని స్థానమున వచ్చిన 2016 నాటి చట్టము, అనగా 2017 ఏప్రిల్ 19వ తేదీనుండి అమలులోనున్న దివ్యాంగుల హక్కుల చట్టము, వైకల్యములను ఇరువదియొకటిగ విస్తరించి, మానసిక వ్యాధికి చెప్పిన నిర్వచనములో ఆలోచన, గ్రహణము, జ్ఞాపకశక్తి మున్నగువాటితోపాటు మనోభావ స్థితిని కూడ స్పష్టముగ పేర్కొనెను. వివేచనమును, ప్రవర్తనమును, నిత్యజీవితపు సామాన్యావసరములను తీర్చుకొను శక్తిని తీవ్రముగ దెబ్బతీయు రుగ్మతయైనచో అది చట్టము దృష్టిలో వైకల్యమే. అది నూటికి నలువది పాళ్లని వైద్యులు ధ్రువపరచినచో పింఛను మొదలు ప్రభుత్వోద్యోగములలో కేటాయింపు వరకు ద్వారములు తెరచుకొనును. కావున పరుండియున్న ఆ యువకుడు చట్టమునకు పరాయివాడు కాడు. కొరతయున్నది చట్టములో కాదు; చట్టమునకును అతని మంచమునకును నడుమనున్న త్రోవలో.

స్లాటు దొరికిన దినము

ఆ త్రోవ సచివాలయములో మొదలగును. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, ఫోటో, సెల్‌ఫోను నంబరు తీసికొనిపోయి సదరం శిబిరమునకు స్లాటు అడుగవలెను. సదరమనునది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలమున వికలాంగుల నిర్ధారణకై నెలకొల్పిన కంప్యూటరు విధానము. నేడు కేంద్రప్రభుత్వమువారి యూడీఐడీ కార్డును దానితో ముడివడి యున్నది. ఆ కార్డునకు రంగులు కలవు: నలువది పాళ్లకు లోపు తెలుపు, నలువది మొదలు ఎనుబదికి లోపు పసుపు, ఎనుబదియు ఆపైనను నీలము. తెల్లకార్డు వచ్చినవానికి గుర్తింపు దక్కునే కాని పింఛను దక్కదు. స్లాట్లు తెరచిన కొలదికాలములోనే నిండిపోవుట పరిపాటి. మనోవైద్యుడు కూర్చుండు దినము ఎముకల వైద్యుడు కూర్చుండు దినమువలె తరచుగ రాదు. కాబట్టి స్లాటు దొరకుటయే ఒక ప్రాప్తమని జనులు భావింతురు.

ఇచ్చట పాఠకుడు కొంచెము నిలిచి ఆలోచింపవలెను. ఈ అర్జీకి కావలసిన గుణములేవి? వేకువనే లేచుట, కాగితములు పోగుచేసికొనుట, బస్సెక్కుట, వరుసలో ఓపికతో నిలుచుట, అడిగినదానికి తగిన సమాధానము చెప్పుట, పని కానిచో మరల వచ్చుట. క్రుంగుబాటు ఏ శక్తులను హరించునో ఆ శక్తులే యిచ్చట అర్హతా పరీక్షకు ప్రవేశరుసుముగ నున్నవి. కాలులేనివానిని మేడమెట్లెక్కి వచ్చి పింఛను గైకొమ్మనినచో మనమందరము ఆగ్రహింతుము. లేవలేని మనస్సుగలవానిని ఆరుగంటల బస్సుకు రమ్మనుట యెవ్వరికిని వింతగ దోచదు. లేవగలిగిన దినమున వచ్చినచో ఆ లేవగలుగుటయే అతనికి ప్రతికూలసాక్ష్యమగును.

శిబిరములో జరుగునది యిట్లూహింపవచ్చును. ఆ యువకుడు మూడు మాసముల తరువాత కొంత తేరుకొన్నాడు. తల్లి తలకు పోసి, ఉతికిన చొక్కా తొడిగి, తల దువ్వి తీసికొని వచ్చినది. ఆసుపత్రికి శుభ్రముగ పోవుట ఆమె యెరిగిన మర్యాద. వైద్యుని ముందు నూరుమంది ఎదురుచూచుచున్నారు. పేరేమి, ఊరేది, ఏమి పని చేయుదువు, నిద్రపట్టునా, అన్నము తినుచున్నావా అని ప్రశ్నలు. యువకుడు అన్నిటికిని తలవంచుకొని సరిగనే సమాధానము చెప్పినాడు. తల్లి యడ్డువచ్చి, "మొన్నటిదాంక మంచం దిగల్యా సామీ, ఈ దినమే కొంచెం బాగుండాడు" అన్నది. ఆ మాటలో వ్యాధియొక్క యావత్తు చరిత్రయు ఉన్నది. కాని తల్లిమాట కాగితము కాదు. అదే వరుసలో ముందు నిలిచినవాని మోకాలిని వంచి చూచి, కోణము కొలిచి, లెక్కకట్టి వ్రాయుటకు వైద్యునకు సులభము. నాపరాయిని టేపు పెట్టి కొలిచినట్లు మనస్సును కొలుచు సాధనము లేదుగదా.

ఐనను సాధనమొకటి లేకపోలేదు. భారతీయ మనోవైద్యుల సంఘమువారు 2002 ప్రాంతమున రూపొందించిన ‘ఐడియాస్’ అను కొలబద్దను ప్రభుత్వము స్వీకరించినది. అది రోగి జీవితమును నాలుగు పార్శ్వములనుండి చూచును: స్నానము, భోజనము, దుస్తులు మొదలగు స్వసంరక్షణ, ఇతరులతో మెలగుట, మాటలాడి యర్థముచేసికొనుట, పని. ఒక్కొక్కదానికి సున్న మొదలు నాలుగువరకు మార్కులు, వ్యాధి కాలపరిమితికి వేరుగ నాలుగువరకు మార్కులు, మొత్తమునకు ఇరువది. పనియనగా కూలియో ఉద్యోగమో మాత్రమే కాదు. ఇల్లాలికి ఇంటిపని, విద్యార్థికి చదువు కూడ పనిగనే లెక్కింపబడును. ఇది చాల న్యాయమైన యేర్పాటని నా యభిప్రాయము. రోగిని మాత్రమే కాక అతనిని దగ్గరనుండి కనిపెట్టుచున్న బంధువును కూడ అడిగి తెలిసికొనవలెనని దాని పద్ధతి. దానిని కూర్చిన పండితులు ఈ వ్యాధులు వచ్చిపోవునవని యెరుగనివారు కారు. గడచిన రెండేండ్లలో రోగి యెన్ని మాసములు వ్యాధిగ్రస్తుడై యుండెనో గణింపవలెనను దృష్టి ఆ కూర్పులోనే కలదు. అనగా ఆ యొక్క దినమున రోగి చొక్కా నలిగియున్నదా లేదా అనునది కాదు ప్రశ్న; రెండు సంవత్సరముల కాలరేఖలో వాని పతనములెన్ని, యవి యెంతకాలము నిలిచినవి అనునది ప్రశ్న.

తొలినాటి నిబంధనలలో ఒక సంకోచము మాత్రము ఉండెను. స్కిజోఫ్రీనియా, బైపోలార్, నిర్బంధ చింతనా వ్యాధి, మతిమరపు అను నాలుగింటికే ఆ కొలబద్దను పరిమితము చేసి, మరలమరల వచ్చు తీవ్ర విషాదవ్యాధిని పేరుపెట్టి చేర్చలేదు. 2016 చట్టపు నిర్వచనము అట్టి గోడ కట్టలేదు. ఐనను పాత అలవాటు పోవుటకు చట్టము మారినంత మాత్రము చాలదు. ‘దిగులు’ అన్నంతనే అది జబ్బుక్రింద జమకాదని తలచువారు బల్లకు ఈవలను కలరు, ఆవలను కలరు.

చీటీల సంచి

రెండేండ్ల కాలరేఖయంటినే, అది యెచ్చట వ్రాయబడి యున్నది? ఇదియే ఈ వ్యవహారమంతటికిని గుండెకాయ. ధనికదేశములలో రోగి చరిత్ర ఆసుపత్రి దస్త్రములలో నుండును. ఇచ్చట అది, ఉన్నయెడల, తల్లి పెట్టెలోని ప్లాస్టిక్ సంచిలో నుండును: ఓపీ చీటీలు, మందులంగడి రసీదులు, ఎప్పుడో తీయించిన రక్తపరీక్ష కాగితము. లేనియెడల ఎచ్చటను లేదు. చాల యిండ్లలో తొలి రెండు మూడేండ్లకు చీటీయే ఉండదు. ఏలనన ఆ కాలమంతయు దర్గాలోను, దేవళములోను, అంత్రము కట్టువాని పంచలోను గడచిపోవును. అచ్చట ఊరటయే దొరకదని నేననను. నిద్రలేని మనిషికి నాలుగుదినములు దర్గా చెట్టునీడను దొరకు నెమ్మది నిజమైనదే. కాని తాయెత్తునకు తేదీ ఉండదు, వైద్యుని సంతకముండదు. పిమ్మట ఆరెంపీ డాక్టరు ఇచ్చిన నిద్రబిళ్లలకు చీటీ యుండదు. కర్నూలు పెద్దాసుపత్రి మెట్లెక్కునాటికి వ్యాధి వయస్సు ఐదేండ్లు, కాగితము వయస్సు ఒక దినము.

ఇది బనగానపల్లెకే పరిమితమైన కొరత కాదు. బెంగళూరు నిమ్హాన్స్‌వారు 2015–16లో పన్నెండు రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, విషాదవ్యాధి గలవారిలో నూటికి ఎనుబదియైదుగురును, బైపోలార్ గలవారిలో ఇంచుమించు డెబ్బదిమందియు చికిత్స లేకయే యున్నట్లు తేలెను. ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. చికిత్సయే లేనివానికి చీటీ యెక్కడిది? చీటీ లేనివానికి కాలరేఖ యెక్కడిది? వైద్యమునకు దూరమైనవాడే పింఛనునకును దూరమగుచున్నాడు. అతనికే అది యత్యవసరము.

కావున ఈ వ్యాధిగలవారి యిండ్లకు నేను చెప్పదగిన మాట ఒక్కటియే కలదు: చీటీలను పారవేయకుడు. ఒక నోటుపుస్తకమున, అక్షరములు రానివారైనచో బడికిపోవు పిల్లచేత వ్రాయించి, ఏ తేదీనుండి మంచము పట్టెను, ఎన్నాళ్లు పనికి పోలేదు, ఎప్పుడు నిద్ర తప్పెను, ఏ ఆసుపత్రిలో చేర్చితిరి, అప్పు లెవరు తీర్చిరి అను సంగతులను రెండు మూడు వాక్యములలో గుర్తుపెట్టుకొనుడు. పాలిష్ ఫ్యాక్టరీ మేస్త్రీ హాజరుపట్టీ చూపినచో అదియు సాక్ష్యమే. శిబిరమునకు పోవునప్పుడు సంచిని తేదీలవారీగ సర్దుకొని, చికిత్స చేయుచున్న మనోవైద్యుని వద్ద ఒక పుటలో రోగచరిత్రను వ్రాయించుకొని పోయినచో, నూరుమంది నడుమ నలుగుచున్న వైద్యునికి సైతము రెండేండ్లు రెండు నిమిషములలో కనబడును. బిడ్డను మాసినబట్టలతో తీసికొనిపొమ్మనియు, అడిగినదానికి పలుకవలదని నేర్పుమనియు సలహాలిచ్చువారు ప్రతి శిబిరము వెలుపలను కలరు. ఆ నటన బయటపడినచో నిజమైన వ్యాధియు అబద్ధమై పోవును. బయటపడకున్నను, తేరుకొన్న దినమున తేరుకొనలేదని నటించుట ఆ బిడ్డకు కలిగించు అవమానము చిన్నది కాదు.

ప్రభుత్వమువారి సందేహము నిష్కారణమైనదని నేననజాలను. దొంగ సర్టిఫికెట్ల వ్యాపారము ఈ రాష్ట్రమున ఒక రహస్యము కాదు. 2025లో పింఛనుదారుల వైకల్యమును మరల పరీక్షింపబూనినప్పుడు, ఆ యేడు ఆగస్టులో అనేకులకు నోటీసులందెను. శాతము నలువదికి తగ్గినదని తెలిసికొని నిజమైన అర్హులును అనర్హులును ఒక్కుమ్మడిగ కచేరీల ముందు చేరిరి. అప్పీలు చేసికొన్నవారికి పింఛను సాగునని పిమ్మట ప్రభుత్వము ప్రకటింపవలసి వచ్చెను. చేయి తెగినవానికి మరల చేయి మొలవదు గనుక అతడు పునఃపరీక్షకు భయపడ పనిలేదు. మనోభావ వ్యాధి గలవాని సంగతి వేరు. అతని పత్రము చాలసార్లు కొలదికాలమునకే చెల్లును. గడువు తీరినంతనే మరల స్లాటు, మరల బస్సు, మరల అవే ప్రశ్నలు. మందులు చక్కగ వాడి, నిద్రను కాచుకొని, మాసమునకు పదిదినములైనను పనికి పోగలిగిన రోగి, ఆ క్రమశిక్షణకు ఫలముగ ముప్పదియైదు పాళ్లకు దిగి పింఛను కోల్పోవును, పింఛను పోయినంతనే మందులు, ప్రయాణములు తగ్గును, మరల మంచమెక్కును. బాగుపడినవానిని శిక్షించు ఏర్పాటు ఎవ్వరును బుద్ధిపూర్వకముగ చేసినది కాదు. ఐనను అది పని చేయుచునే యున్నది.

మందుల మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పక తప్పదు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఈ వ్యాధిపై లిథియమను లవణము చూపు ప్రభావమును లోకమునకు వెల్లడించెను. నేటికిని అది ప్రధానౌషధములలో నొకటి. దాని వెల స్వల్పము, దాని కాపలా మాత్రము అనల్పము. రక్తమున దాని పరిమాణము ఒక మేరకు తగ్గినచో పనిచేయదు, మించినచో విషమగును. చెమట అధికముగ పోసి శరీరమున నీరును ఉప్పును తగ్గినచో అది రక్తమున పెరుగును. మే మాసమున నలువదినాలుగు డిగ్రీలు దాటు ఈ సీమలో, ఎండలో రాళ్లు మోయువానికి ఈ మందు వ్రాయు వైద్యుడును, తిను రోగియు ఎంత జాగరూకులై యుండవలెనో ఊహించుకొనవచ్చును. అప్పుడప్పుడు చేయింపవలసిన రక్తపరీక్ష ప్రతి యూరను జరుగునది కాదు. ప్రయాణమునకు ఒక దినపు కూలి పోవును. వెంట వచ్చు తల్లికూలి వేరుగ పోవును. ఆరువేలు ఎందులకని యడుగువారికి ఈ లెక్కయే సమాధానము. కేంద్రప్రభుత్వము 2009లో ఆరంభించిన ఇందిరాగాంధీ జాతీయ వికలాంగ పింఛను ఎనుబది పాళ్ల వైకల్యమున్న పేదలకే వర్తించును, దానిలో కేంద్రపు వాటా మాసమునకు 300 రూపాయలు. ఆ మొత్తముతో కర్నూలు పోయి పరీక్ష చేయించుకొని రాగలవారెవరో నాకు తెలియదు.

స్త్రీల విషయము ఇంకను చిక్కైనది. పురుషుడు పనికి పోనిచో పదిమందికి తెలియును. స్త్రీ క్రుంగిపోయినచో పొయ్యి వెలుగని దినముననే ఇంటివారికి తెలియును, పొయ్యి వెలిగించుటకు అత్తయో ఆడబిడ్డయో ఉన్నచో ఆనాడును తెలియదు. ప్రసవానంతరము మొదలైన వ్యాధిని ‘బాలింత గాలి’ యని సరిపుచ్చినచో ఆమెకు చీటీలసంచి ఎన్నడును సమకూరదు. పెండ్లికాని పిల్లకు మానసిక వైకల్య పత్రము తెప్పించు తండ్రి ఈ ప్రాంతమున అరుదు. సచివాలయపు గోడమీద జాబితాలో పేరుండిన సంబంధము తప్పిపోవునని భయము; ఆ భయము నిరాధారమని చెప్పుటకు నాకు నోరు రాదు. కొందరు ఆరువేలను వదలుకొందురు, పరువును కాచుకొందురు. కొలబద్ద ఇంటిపనిని లెక్కలోనికి తీసికొన్నను, ఇల్లు మాత్రము ఆమెను ఆ కొలబద్ద వరకు పోనీయదు.

పెద్దచదువులు చదివినవారికి సైతము ఈ ‘వచ్చిపోవుట’ యొక అడ్డంకియే యైనది. ఢిల్లీలో న్యాయాధికారి పదవికి పరీక్షలన్నియు నెగ్గిన అభ్యర్థి యొకరు బైపోలార్ వ్యాధి మూలమున నలువదియైదు పాళ్ల వైకల్యపత్రము చూపగా, ఆ వైకల్యము శాశ్వతము కాదను ఆక్షేపణ వచ్చెను. 2020లో ఢిల్లీ హైకోర్టు ఆ ఆక్షేపణను త్రోసివైచి, ఆ యభ్యర్థికి రిజర్వేషను వర్తించునని తీర్పు చెప్పెను. మరుసటి యేడు సుప్రీంకోర్టు, మానసిక వ్యాధితో బాధపడుచున్న సీఆర్‌పీఎఫ్ ఉద్యోగి కేసులో, వ్యాధి ప్రభావముచే జరిగిన ప్రవర్తనకు శిక్షింపబూనుట వివక్షయగునని పలికెను. న్యాయస్థానములకు తెలిసిన ఈ సూక్ష్మము శిబిరపు బల్లవరకు ఇంకను దిగిరావలసి యున్నది. పత్రములోని శాతము తప్పని తోచినవాడు ఊరకుండవలసిన పనిలేదు. 2016 చట్టపు 59వ సెక్షను అప్పీలు చేసికొనుటకు హక్కునిచ్చినది. పింఛను విషయమున ఎంపీడీఓ కార్యాలయము మొదటి ద్వారము. అర్ధరాత్రమున మనసు చీకటిపడి ప్రాణము మీదికి వచ్చినవేళ, అర్జీలకన్న ముందు 14416 నంబరునకు ఫోను చేయవలెను. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ అను ఈ ప్రభుత్వ సేవకు రుసుము లేదు, తెలుగులోనే మాటలాడుదురు.

మనకు పొరుగుననే యున్న బళ్లారి జిల్లాలో 1985 మొదలుకొని నిమ్హాన్స్‌వారు ఒక ప్రయోగము చేసిరి. మానసిక చికిత్సను పెద్దాసుపత్రి గోడలు దాటించి, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునకే ఆ విద్య నేర్పి, మందులను ఊరికే చేర్చుట దాని సారాంశము. దేశమంతటను నేడు నడచుచున్న జిల్లా మానసికారోగ్య కార్యక్రమమునకు అదియే మాతృక. నా మనవి యేమనగా, మందులు ఊరికి చేరవలెనన్న ఆనాటి తర్కమే నేడు పరీక్షకును వర్తింపవలెను. పింఛను ఇంటిగడపకు వచ్చుచున్నది. పరీక్ష మాత్రము రోగినే రమ్మనుచున్నది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో ప్రతిమాసమును రోగి స్థితిని ఒక పుస్తకమున గుర్తించి, ఆ పుస్తకమునే బోర్డు ముందుంచు యేర్పాటు జరిగినచో, చీటీలసంచి బరువు తల్లి భుజమునుండి దిగును. ఇందులకు క్రొత్త చట్టమక్కర లేదు, క్రొత్త కట్టడములక్కర లేదు.

తల్లి భుజమనుటలో ఒక కఠినసత్యమున్నది. స్లాటు అడిగినది తల్లి, బస్సెక్కించినది తల్లి, మందు మింగించినది తల్లి; ఆమెకు అరువదియైదేండ్లు. బుద్ధిమాంద్యము, ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ మున్నగువాటికై 1999లో ఏర్పడిన జాతీయ ట్రస్టు చట్టము తల్లిదండ్రుల తరువాతి సంరక్షణను గూర్చి కొంత యోచించినది. మానసిక వ్యాధులు దాని పరిధిలో లేవు. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టమున మాత్రము పదునాలుగవ సెక్షను ఒకటి కలదు. తెలివి తేటగానున్న దినమున రోగి స్వయముగ ఒక తెల్లకాగితముమీద, తనకు మరల వ్యాధి ముదిరినవేళ చికిత్స విషయమున తనకు తోడుండి నిర్ణయములకు సాయపడు ప్రతినిధి పేరు వ్రాసి, సంతకమో వ్రేలిముద్రయో వేయవచ్చును. స్టాంపు కాగితము వలదు, రుసుము లేదు. ఆ ప్రతినిధి మైనరు కాక, పనికి సమర్థుడై, వ్రాతమూలమున సమ్మతించినచో చాలును. శిబిరములో రోగికి ప్రతికూలమైన ఆ మంచిదినము ఇచ్చట అతని పక్షమున నిలుచును. ఎవరి పేరు వ్రాసెదవని యడిగినచో తల్లి పేరే చెప్పును. అప్పుడు ప్రక్కనున్నవా రెవరైనను, ఆరోగ్యకేంద్రపు నర్సమ్మయో సచివాలయపు పిల్లవాడో, అమ్మ వయస్సును గుర్తుచేసి, తాడిపత్రిలో అత్తవారింటనున్న చెల్లెలిని ఒకసారి అడిగి చూడుమని చెప్పవలసి యుండును.